ప్లగ్గు పక్క కుర్చీ

మా లాప్‌టాప్ బ్యాటరీ చచ్చిపోయి మూడేళ్ళయింది. ఆ మూడేళ్ళూ నేను చాలా సుఖపడ్డాను.

బ్యాటరీ లేని లాప్‌టాప్‌ను గేదెను గుంజకు కట్టేసినట్టు ప్లగ్గుకు కట్టేసి ఉంచాలి. సారపాకలో మా ఇంట్లో నమ్మదగ్గ ప్లగ్గు ఒక్కటే, ముందుగదిలో కిటికీ పక్కన. వైరు పొడవు రెండు మూరలు. కాబట్టి లాప్‌టాప్ అక్కడే, కుర్చీ అక్కడే, కుర్చీలో నేనూ అక్కడే. వంటిల్లు ఇంటికి ఆ చివర. రోజూ మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా నన్ను అక్కణ్ణుంచి లేపే హక్కు కరెంటు డిపార్ట్‌మెంటుకు తప్ప ఎవరికీ లేదు.

మాది ఫర్నిచర్ పని. మామగారు మహబూబ్ అలీ నలభై ఏళ్ళుగా మంచాలు, దివాన్లు, బీరువాలు చేస్తున్నారు. మా ఆయన ఖాలిద్ ఆర్డర్లు తెస్తారు. మంచానికి తలవైపు చెక్క మీద లతలు, దాని కాళ్ళకు, అంటే కోళ్ళకు, వంపులు, సొరుగులకు కొలతలు నేను కంప్యూటర్ మీద గీసి, అచ్చు తీయించి ఇస్తాను. పెళ్ళయిన కొత్తలో "నేను గీస్తున్న" అని ఇంట్లో రెండుసార్లు చెప్పాను. "అవ్, కంప్యూటర్ మంచిగ గీస్తది" అన్నారు. మూడోసారి చెప్పలేదు. చెప్పకపోవడంలో ఉన్న లాభం అప్పటికే కనిపించింది.

"దుల్హన్, ఉల్లిగడ్డలు కోస్తవా జర?" అని మా అత్తగారు ఫజిలత్ లోపలి నుంచి కేకేస్తారు. పెళ్ళయి పదకొండేళ్ళయినా, మా ఇళ్ళలో కోడలు దుల్హనే, పెళ్ళికూతురే.

"కంప్యూటర్ గీస్తున్నది అమ్మీ. నడిమిట్ల లేస్తే గీత ఆగిపోతది."

పొయ్యి మీద పాలు పెట్టినట్టు కాబోలు అనుకుని ఆమె ఊరుకునేవారు. నేను చెప్పింది అబద్ధం కాదు. నేను లేస్తే గీత నిజంగానే ఆగిపోతుంది.

మొన్నటి వానాకాలంలో తెర నల్లబడింది. రిపేరు చేసే జగదీష్ దాన్ని విప్పి, ఊది, మళ్ళీ మూసి, "అక్కా, దీనికి ఇగ ఫాతెహా చదివించుడే" అన్నాడు.

ఆ సాయంత్రమే మా ఆయన పేపర్ మిల్లు క్వార్టర్స్‌లో ఎవరింట్లోనో ఒక వింత వస్తువు చూసి వచ్చారు.

"టూ ఇన్ వన్ అంట ఆరిఫా! బటన్లున్న సగం ఊడొస్తది, పలక మిగులుతది. ఒక్కపారి చార్జింగ్ పెడితే పది గంటలు. ఇగ నువ్వు ఆ ప్లగ్గు కాడ ఖైదీ లెక్క కూసునే పని లేదు. పొయ్యి పక్కన పప్పు డబ్బాకు ఆనిచ్చి పెట్టుకో. కూరకు కూర అయితది, డిజైన్‌కు డిజైన్ అయితది."

అత్తగారు రెండు చేతులూ పైకెత్తి అల్లాకు షుక్రియా చెప్పుకున్నారు. మామగారు తలూపారు. నా సుఖం కోసం ముగ్గురూ కలిసి ఇంత చక్కగా ఆలోచించాక, అక్కరలేదని ఏ ముఖంతో అనను? శత్రువు చేసే చెడుపును ఎదుర్కోవచ్చు. ప్రేమతో చేసేదానికి చాయ్ పెట్టి ఇవ్వాలి. పెట్టి ఇచ్చాను. గ్లాసులు కడుగుతూ లెక్క వేసుకున్నాను: నాకున్న రెండు గంటలూ పోతున్నాయి.

వస్తువు చూడ్డానికి ఖమ్మం బయల్దేరాం, మామగారు, మా ఆయన, నేను. బస్సులో మూడు గంటలకు పైగా ప్రయాణం. నేను బి.కాం. చదివినదాన్ని. కొత్తగూడెం దాటేసరికి నాకు ఎలాంటిది కావాలో తేల్చుకున్నాను. అది బరువుండాలి. చార్జింగు నిలవకూడదు. వైరు పొట్టిగా ఉండాలి.

వైరా రోడ్డు షాపులో మాకు చూపించడానికి వచ్చినామె పేరు సోని. సొంత ఊరు కల్లూరని, నాన్నకు మామిడి తోట ఉందని మామగారు మొదటి నిమిషంలోనే కనుక్కున్నారు. ఆమె ఒక పలక తెచ్చి, కింద బటన్ల చెక్క దగ్గర పెట్టగానే అది టక్కున అతుక్కుంది. లాగితే ఊడింది. మామగారు దాన్ని తిప్పి, వంచి, వెనక్కీ ముందుకీ చూశారు.

"కబ్జా ఏది?" అన్నారు గట్టిగా.

పక్క కౌంటర్‌లో ఫోన్లు చూస్తున్న తెల్లబట్టల పెద్దమనిషి ఉలిక్కిపడి ఇటు తిరిగారు.

"ఏ భూమండీ కబ్జా అయింది?" అంది సోని.

"భూమి కాదమ్మా," అన్నాను. "వడ్రంగం పనిలో తలుపుకు వేసే బందును మావాళ్ళు కబ్జా అంటరు."

"దీనికి బందు లేదండి పెద్దాయనా. అయస్కాంతం."

"కబ్జా లేని తలుపు, నిఖా లేని కాపురం," అని మామగారు దాన్ని బల్ల మీద పెట్టేశారు. "ఎప్పుడు ఊడొస్తదో ఎవరికెరుక?"

సోని నవ్వుతూ ఇంకొకటి తెచ్చింది. ఇది విడిపోదు, బటన్లు వెనక్కి మడత పడతాయి. మామగారు దాని బందును పదిహేనుసార్లు తెరిచి మూశారు, చెవి దగ్గర పెట్టుకుని చప్పుడు విన్నారు. "ఇది బీరువా," అన్నారు మెచ్చుకోలుగా. నేను ఎత్తి చూశాను. చెయ్యి కిందికి లాగింది. ప్రాణం లేచొచ్చింది.

"చార్జింగు ఎంతసేపు వస్తది?" అని అడిగాను.

"దీనికి కొంచెం తక్కువే మేడమ్. ఐదు గంటలు."

"ఇంకొంచెం తక్కువ వచ్చేది లేదా?"

సోని నా వంక చూసింది.

"వైరు ఎంత ఉంటది?"

"మీటరున్నర."

"పొట్టిది ఇయ్యరా?"

"మేడమ్, నాలుగేళ్ళ నుంచి అమ్ముతున్నాను. చార్జింగు తక్కువ కావాలన్న కస్టమర్ మీరే మొదలు."

మా ఆయన మధ్యలోకి వచ్చారు. "ఆమె మాట ఇడిసిపెట్టు చెల్లె. మాకు మొదటిదే కావాలె. చేతుల పట్టుకొని వంటింట్లకు పోవాలె. పొయ్యి ముందట పెట్టుకొని, ఓ దిక్కు కూర కలుపుకుంట, ఓ దిక్కు పని చేసుకోవాలె. అందుకే గద ఇంత దూరం వచ్చింది."

సోని ఆయన వంక చూసింది. నా వంక చూసింది. వైరు పట్టుకుని కొలుస్తున్న నా చేతి వంక చూసింది. పెదవి కొరికి, నవ్వు మింగింది.

"వంటింట్లోనా సార్? అస్సలు పెట్టకూడదు. ఆవిరి లోపలికి పోతది. తాలింపు చిట్లి తెర మీద పడ్డా, నూనె జిడ్డు పట్టినా పాడైపోతది. అట్లా పాడైతే వారంటీ కూడా రాదండి."

"అరెరె," అన్నాను. ఆ రెండు నిమిషాల్లో మేమిద్దరం అక్కచెల్లెళ్ళం అయిపోయాం.

మా ఆయన ముఖం ఆరిన పొయ్యిలా అయింది. మామగారు మాత్రం ఇదంతా పట్టించుకోలేదు. "గవన్ని పక్కకు పెట్టు బిడ్డా. అసలు ముచ్చట చెప్పు. మంచం గీస్తదా, గీయదా? మా పాతది జబర్దస్త్ గీసేది."

సోని మొదటి పలక తెర మీద తెల్లటి పేజీ తెరిచి, దాని కలం ఆయన చేతికివ్వబోయింది. "గీసి చూడండి."

మామగారు చేతులు వెనక్కి పెట్టుకున్నారు. "నేను గీసుడేంది? దాన్ని గీయమను."

"అది గీయదండి. మనమే గీయాలి."

"పాతది గీసేది."

"ఏదీ దానంతటది గీయదండి. లోపల మనిషి గీస్తేనే... అదే, ఎదురుగా మనిషి కూర్చుని గీస్తేనే."

వైరును నేను అంత శ్రద్ధగా ఎప్పుడూ చూడలేదు. చివర రెండు పుల్లలు, మధ్యలో ఒక నల్లటి డబ్బా. తలెత్తేసరికి తండ్రీకొడుకులిద్దరూ నన్నే చూస్తున్నారు.

"బేటీ," అన్నారు మామగారు. "మరి ఇన్నేండ్లు గీసింది ఎవరు?"

"నేనే అబ్బాజాన్."

"మరి కంప్యూటర్ ఏం చేసేది?"

"చూస్కుంట కూసునేది."

సోని పక్కకు తిరిగి భుజాలు కదిలేలా నవ్వుకుంది. మామగారు స్టూలు లాక్కుని కూర్చున్నారు. ఆయన ఏం గుర్తు తెచ్చుకుంటున్నారో నాకు అర్థమైంది.

"నెమలి దివాన్ అప్పుడు... ఆ మెడ వంపు చెక్కరాక, ఈ కంప్యూటర్ చేతులిరగ అన్న గద?"

"ఇన్న అబ్బాజాన్. మీరు చెక్కేది నా కిటికీ బయటనే గద."

"దీన్ని కన్నోళ్ళను అనాలె అని గూడ..."

"మా అమ్మానాన్నలకు చెప్పలేదు లెండి."

ఆయన చెవులు పట్టుకున్నారు. ఎర్రగా అయిపోయిన ముఖంతో నవ్వడం మొదలుపెట్టి, దగ్గు వచ్చి, సోని నీళ్ళ సీసా తెచ్చి ఇచ్చేదాకా ఆపలేదు. తర్వాత కలం తీసి నా చేతిలో పెట్టారు. "గియ్."

గీశాను. కొత్త కలం మెత్తగా జారింది. పాతదాంట్లో తెర మీది బాణంతో, బటన్లతో కుస్తీ పట్టి నేను గంటసేపు వంచే గీత ఒక్క ఊపులో వంగింది. తలవైపు చెక్క, దాని మీద ఇప్పపూల గుత్తి, లోపలికి వాలిన అంచు. మామగారు నా భుజం మీదుగా వంగి చూశారు.

"గా వంపు కాడ చెయ్యి ఆపినవ్ సూడు," అన్నారు మెల్లగా, "నా ఉలి గూడ గక్కడ్నే ఆగుతది."

పదకొండేళ్ళలో ఆయన నాకు ఇచ్చిన కితాబు అదే. కంప్యూటర్‌కు చాలాసార్లు ఇచ్చారు.

సంతోషంగానే ఉంది కానీ, మళ్ళీ లెక్క వేసుకున్నాను. కంప్యూటర్ గీస్తున్నది అనే మాట ఇక చెల్లదు. గీసేది దుల్హనే అని తెలిశాక, ఉల్లిగడ్డలు కోసి వచ్చి గీయి అంటారు. కిటికీ పక్క కుర్చీ ఒక్కసారి ఖాళీ అయిందంటే దాని మీద ఉతికిన బట్టలు వచ్చి పడతాయి. మా ఇంటి సంగతి నాకు తెలియదా?

"దీన్ని ఇండ్ల పెట్టుకొని ఏం చేస్తం మరి?" అన్నారు మా ఆయన నీరసంగా. "వంటింట్ల వద్దంటివి. పది గంటల చార్జింగు ఊకెనే పాయె."

"ఇంటీరియర్ పని చేసేవాళ్ళు తీసుకెళ్తారు సార్," అంది సోని. "కస్టమర్ ఇంటికే పోయి, ఎదురుగా కూర్చుని, వాళ్ళు చెప్తుంటే గీస్తారు."

మామగారు తలెత్తారు. "చర్ల కాడ లచ్చిరాం తల్లి మంచం బొమ్మ ఎన్నిసార్లు తిప్పి పంపింది?"

"మూడుసార్లు," అన్నారు మా ఆయన.

"బేటీ పోయి ఆమె ముందట కూసొని గీస్తే నాలుగోసారి తిప్పి పంపుతదా? ఇగ మీద నాతోని బేటీ వస్తది. చర్ల, దుమ్ముగూడెం, ఎక్కడ మంచముంటె అక్కడ."

"మరి ఇంట్ల పని?" అన్నారు మా ఆయన.

"నువ్వున్నవ్ గద. నెమలి మెడ చెక్కుడు కంటే కష్టమా పప్పు ఉడకబెట్టుడు?"

రెండు గంటలు పోతాయని ఏడుస్తున్నదానికి రోజులు రోజులే ఎదురొచ్చాయి. మడత పడే బరువైనదాన్ని మెల్లగా సోని వైపు నెట్టేశాను. మొదటి పలకను దగ్గరికి లాక్కున్నాను.

"దీనికి పది గంటలేనా?" అన్నాను. "పన్నెండు వచ్చేది లేదా?"

సోని ఈసారి నవ్వు మింగలేదు. కబ్జా లేని సంగతి మామగారు మళ్ళీ ఎత్తలేదు.

ఇంటికి వచ్చాక అత్తగారికి వస్తువు నచ్చింది, కార్యక్రమం నచ్చలేదు. "రోజంతానా? దుల్హన్ రోజంతా బైటనేనా?"

"పది గంటల చార్జింగు ఫజిలత్," అన్నారు మామగారు గంభీరంగా. "ఖరాబ్ చేయొద్దు."

తిండి గింజైనా, చార్జింగైనా వృథా చేయడమంటే మా అత్తగారికి పాపంతో సమానం. ఒప్పుకున్నారు.

వారం తిరక్కుండా చర్ల బస్సెక్కాం. దారి పొడుగునా గుంతలు. బస్సు ఎగిరినప్పుడల్లా మామగారు తన మోకాళ్ళను వదిలేసి నా ఒళ్ళో సంచీని పట్టుకున్నారు. లచ్చిరాం ఊళ్ళో పోస్టాఫీసులో పనిచేస్తాడు. వాళ్ళమ్మ ద్వాలీబాయి వాకిట్లోనే ఎదురొచ్చింది, నా భుజం దాటని మనిషి. మూడు బొమ్మలు ఎందుకు నచ్చలేదో కూర్చోగానే తెలిసిపోయింది. పాత మంచం మీద ఆమె కాళ్ళు నేలకు అందక గాల్లో ఊగుతున్నాయి.

"ఎవరొచ్చినా మంచం పొడుగు అడుగుతరు, ఎడల్పు అడుగుతరు," అంది. "నా కాళ్ళ సంగతి ఎవ్వరడగలే."

మోకాలి నుంచి నేల దాకా కొలిచాను. ఆమె పక్కనే కూర్చుని గీశాను. పూలు వద్దంది, తీసేశాను. చిన్న చిన్న అద్దాలు పొదగమంది, పొదిగాను. కలం ఇటియ్యి అని లాక్కుని, తన ఓణీ అంచున ఉన్న త్రికోణాలను తెర మీద తనే గీసింది. అవి వంకరగా వచ్చాయి. నేను సరిచేయబోతే చేతి మీద కొట్టింది. మక్కగారెలు పెట్టింది. చాయ్ రెండుసార్లు ఇచ్చింది. గాలి అడవి మీదుగా తడితడిగా వస్తోంది. గంటలు గడిచాయి. చార్జింగు ఇంకా సగానికి పైనే ఉంది.

మూడున్నరకు అత్తగారు ఫోన్ చేశారు. "అయిపోయిందా దుల్హన్? రేపు ఇంట్లనే ఉంటవ్ గద?"

తెర మీద మంచం పూర్తయి, నాలుగు కాళ్ళ మీద చక్కగా నిలబడి ఉంది.

"ఏడైతది అమ్మీ? మూడు కోళ్ళయినయ్. నాలుగోది మిగిలింది. రేపు మళ్ళ రావాలె."

ఫోన్ పెట్టేశాను. ద్వాలీబాయి నా వైపు అయోమయంగా చూసింది.

"నాలుగు కోళ్ళు ఒక్క తీరుగనే ఉంటయ్ గద బిడ్డా?"

నేను ఏదో చెప్పబోయాను. అరుగు మీద కూర్చున్న మామగారు, నలభై ఏళ్ళుగా మంచాలు చేసిన మనిషి, చాయ్ గ్లాసులోకి చూస్తూ నాకంటే ముందే అందుకున్నారు.

"లేదు ద్వాలీబాయి. నాలుగోది ఎప్పుడైనా జర తేడా ఉంటది."