పసుపు మూత, నీలి మూత

నర్సమ్మకు తూకం పిచ్చి. పిల్లల్ని తూస్తుంది, వాళ్లు తాగగా డబ్బాలో మిగిలిన పాలపొడినీ తూస్తుంది. ఆ పిచ్చి చూసే డాక్టరమ్మ ఆమెను ఏరికోరి ఈ పరిశోధనలో పెట్టుకుంది. తొలి నెలల్లో తాగే పాలలో ప్రొటీన్ హెచ్చుతగ్గులైతే పిల్లల ఒంట్లో ఎదుగుదల హార్మోన్లు ఎలా మారతాయి, మగపిల్లల్లో ఒకలా, ఆడపిల్లల్లో ఒకలా ఉంటాయా అన్నది తేల్చాలి. డబ్బాలు రెండు రకాలు, రెండూ మంచివే. ఏ మూత కింద ప్రొటీన్ ఎక్కువో నర్సమ్మకే కాదు, డాక్టరమ్మకూ తెలియదు. ఆ గుట్టు ఒక కవర్లో పెట్టి సీలు వేశారు.

ఈ పరిశోధనలో ఉన్న పిల్లల్లో, ఒక అపార్టుమెంటు మూడో అంతస్తులో ఉండే కవలలంటే డాక్టరమ్మకు ప్రాణం. తల్లికి పాలు పడలేదు. చీటీ తీస్తే బాబుకు పసుపు మూత, పాపకు నీలి మూత వచ్చాయి.

"ఒకే కడుపు, ఒకే ఇల్లు, రెండు రకాల పాలు! ఇలాంటి జంట మళ్లీ దొరకదు" అని ఆమె మురిసిపోయేది.

మొదట్లో ఇద్దరూ ఒకేలా తాగేవారు. పోనుపోను బాబు బండోడయ్యాడు, సీసా ఖాళీ అయ్యేదాకా వదలడు. పాప పిచ్చుక, నాలుగు గుక్కలు తాగి నిద్రలోకి జారుకుంటుంది. అలాంటిది నాలుగో నెలలో తూస్తే రెండు డబ్బాల్లోనూ మిగిలిన పొడి సరిగ్గా ఒకటే. ఐదో నెలలోనూ అంతే. నర్సమ్మ కాటా పక్కన పెట్టి తల్లి వైపు తిరిగింది.

"అమ్మాయ్, నిజం చెప్పు. పాలెలా కలుపుతున్నావు?"

తల్లి తల వంచుకుని వంటగదిలోంచి పెద్ద స్టీలు డబ్బా తెచ్చి మూత తీసింది.

"రెండు డబ్బాల్లోంచీ సమానంగా ఇందులో పోసి కలిపేస్తున్నానక్కా. మొదటి రోజు నుంచీ."

నర్సమ్మ ఆ డబ్బాలోకి తొంగి చూసింది. ఐదు నెలల చాకిరీ, ఆ పసివాళ్లకు సూది గుచ్చి తీసిన రక్తం, అన్నీ నీళ్లపాలు. ఈ సంగతి రాస్తే పరిశోధనలోంచి ఈ పిల్లల పేర్లు కొట్టేస్తారు, డాక్టరమ్మ ఆశ అడుగంటుతుంది. రాయకపోతే ఎవరికీ తెలియదు, కానీ మూడు వందల మంది పిల్లల వివరాల్లో ఒక అబద్ధం కలిసిపోతుంది.

"రెండూ మంచివేనని చెప్పాను కదా! నామీద నమ్మకం లేదా?"

"మీమీద కాదక్కా, నామీదే లేదు. పాప కాస్త ఒళ్లు చేసిందనుకోండి, నీలి మూతే బలమైందని అనుకుంటాను. అప్పుడు దాన్ని వాడికి పోసేస్తానేమోనని భయం. మా ఇంట్లో మీగడంతా తమ్ముడికే. మా అమ్మ చెడ్డదేం కాదు, ఆవిడ చెయ్యి అటే పోయేది. నాదీ ఆ చెయ్యే కదా."

"నాకూ ఒక కొడుకు, ఒక కూతురు. ఏనాడూ తేడా చూపించలేదు. నీకెందుకమ్మా అంత భయం?"

"మీరు అదృష్టవంతులక్కా."

నర్సమ్మ కలం తీసింది. 'మొదటి రోజు నుంచి రెండు డబ్బాల పొడీ కలిపి ఇచ్చారు' అని కాగితం మీద రాసి, కింద సంతకం చేసింది. డాక్టరమ్మకు ఫోను చేసి సంగతి చెప్పింది.

"రాసి మంచిపని చేశావు" అంది డాక్టరమ్మ. "పేర్లు తీసేద్దాం. కానీ నెలనెలా వెళ్లి పిల్లల్ని తూచి రా."

సాయంత్రం ఇంటికొచ్చి నర్సమ్మ తన పిల్లలిద్దరికీ పాలు పోసింది. ఒకే సైజు గ్లాసులు. ఏం తోచిందో, సంచిలోంచి డబ్బాలు తూచే కాటా తీసి గ్లాసులు ఒక్కొక్కటే పెట్టి చూసింది. కొడుకుది నలభై గ్రాములు ఎక్కువ. చెయ్యి తడబడి ఉంటుందనుకుని, రెండూ గిన్నెలోకి వంపి, మళ్లీ జాగ్రత్తగా పోసింది. ఈసారి ముప్పై అయిదు.

పదేళ్ల కూతురు వచ్చి కాటా వంక వింతగా చూసింది.

"అన్నయ్య గ్లాసు ఎప్పుడూ ఎక్కువే కదమ్మా, దానికి కాటా ఎందుకు?" అని, తన గ్లాసు తీసుకుని తాగుతూ వెళ్లిపోయింది.