బల్ల మీద ఏరు

రాజమండ్రిలో ఆ చమురు ఆఫీసుకి రాగానే సూర్యకళ చేసే మొదటి పని చీర కుచ్చిళ్ళు ఎగదోపుకోవడం. ఆ తరవాత తువ్వాలు భుజాన వేసుకోవడం. చమురు బావిలోకి దింపిన పరికరం తీసిన రాతిగోడ బొమ్మని కంప్యూటర్లో తెరిస్తే చాలు, కోట్ల ఏళ్ళ కిందట ఆ ఇసుకని మోసుకొచ్చిన ఏరు తెర అంచుల్లోంచి కారేది. కారడమంటే మామూలుగా కాదు. కుర్చీల కాళ్ళకి నాచు పట్టేది, ఫైళ్ళ బీరువాలో పీతలు కాపురాలు పెట్టేవి, పెద్ద ఆఫీసరు జగన్నాథరావు గారు జారిపడని రోజు పండగే. తడి ఆరబెట్టుకోవడంతోనే సరిపోయేది గనక, వింత అనుకునే తీరిక ఎవరికీ లేదు.

ఆ బొమ్మలో ఇసుక పొరలు ఎటు వాలాయో చూసి, ఆనాటి ఏరు ఎటు పారిందో చెప్పడం సూర్యకళ ఉద్యోగం. ఏరు పోయిన వైపే ఇసుక, ఇసుక ఉన్న వైపే చమురు. ఈసారి ఒక పాత బావి బొమ్మ చూసి ఆగ్నేయం అని రాసింది. సంతకాలయ్యాయి. కొత్త బావి చోటు యానాం దగ్గర ఏటిగట్టు మీద, చేపలు పట్టే బుల్లియ్య ఇంటి మీద పడింది.

ఆ మధ్యాహ్నం బుల్లియ్య వచ్చి కుర్చీ అంచున కూర్చున్నాడు. ఇల్లు ఖాళీ చెయ్యడానికి పేచీ లేదన్నాడు. కొడుకు యుగంధర్ సముద్రంలో వేటకెళ్ళి తిరిగి రాలేదట, శవమూ దొరకలేదట. వాళ్ళ పడవలన్నీ ఇంటి గోడ రంగు చూసుకునే గట్టుకి తిరుగుతాయట. వెళ్ళేముందు ఏటివైపు గోడకి ఆ పిల్లాడే పసుపు రంగు వేశాడట.

“ఇల్లు తీసేసుకోండమ్మా. ఆ గోడొక్కటీ ఉంచండి. వాడు దాన్ని చూసే పడవ తిప్పుతాడు. మా ఇంటిది సుబ్బాయమ్మ అడిగి రమ్మందండి.”

గోడ వదిలే వీలుందేమోనని ఆ పాత బావి బొమ్మ మళ్ళీ తెరిచి, సూర్యకళ తువ్వాలు మాటే మరిచింది. నీళ్ళు కారీకారకముందే తుడిచేసే మనిషి, అవి ఎటు పోతాయో ఏనాడూ చూడలేదు. ఇప్పుడవి పాయకట్టి, బల్ల వాలుకి ఎదురెక్కి, తిన్నగా తూర్పు కిటికీ వైపు సాగాయి. ఆగ్నేయానికి ఒక్క చుక్క పోలేదు.

అప్పుడామెకి తన తప్పు తట్టింది. ఇసుక పేరుకున్నాక ఏ కాలంలోనో నేల ఒక పక్కకి ఒరిగింది. ఆ ఒరుగు తీసేసి, పొరల్ని మళ్ళీ చదునుగా పరిచి చూస్తేనే ఏరు దారి తెలిసేది. ఈ బావి బొమ్మకి అది తీయడం మరిచిపోయింది. బుల్లియ్యని వరండాలో కూర్చోబెట్టి లెక్క మళ్ళీ వేసింది. తూర్పే.

జగన్నాథరావు గారు కాగితాలు రెండుసార్లు తిరగేశారు.

“సంతకాలయ్యాక ఏరు దారి మార్చుకుందని రాయమంటావా అమ్మా?”

“ఏరు మారలేదండి. నేను తప్పు చదివాను. నా పేరు పెట్టి అలాగే రాయండి.”

“నీ ప్రమోషన్ మాటేంటి మరి?”

“పక్క బల్ల దొరబాబుకిచ్చెయ్యండి. దానికోసం మొహం వాచి ఉన్నాడు.”

ఆయన నవ్వలేదు. బావిని తూర్పున పాడుబడ్డ రొయ్యల చెరువు దగ్గరికి మార్చి సంతకం పెట్టారు.

గోడే కాదు, ఇల్లూ ఉంటుందని చెబితే బుల్లియ్య దండం పెట్టలేదు, ఏడవలేదు. బల్ల మీది నీళ్ళకేసి చూస్తూ, ఈ ఏరూ సముద్రంలోకే పోయేదా అని అడిగాడు. అవునంది సూర్యకళ.

“ఇదీ మనుషుల్ని పట్టుకుపోయేదాండి?”

“అప్పటికి మనుషులే పుట్టలేదండి.”

“అయితే దీనికి ఎవరి ఉసురూ తగల్లేదు,” అని, ఆ నీళ్ళు అరచేత్తో తీసి కళ్ళకద్దుకున్నాడు. తరవాత కాస్త మొహమాటపడి, సుబ్బాయమ్మకి కూడా కాసిని కావాలన్నాడు.

సూర్యకళ తన మంచినీళ్ళ సీసా ఒంపేసి, నిండా పట్టి ఇచ్చింది.