ఏడో ఇల్లు

పొద్దున సీడు పత్తి చేలో పువ్వుకు పువ్వు అద్దే క్రాసింగ్ పనికి పోయే ముందు దేవమ్మ మూడు పిల్లికూనలకు పాలు పట్టేది. గోరువెచ్చని మేకపాలలో పత్తి వత్తి ముంచి నోటికి అందించి, తర్వాత తడిబట్టతో పొట్ట కింద తుడిచేది. తుడవకపోతే ఒంటికి రాక కడుపుబ్బి చస్తాయి. తల్లిని కుక్కలు వాకిట్లోనే చీల్చేశాయి. నాలుగో కూన తలను గండుపిల్లి కొరికేసింది.

గురువారం గురువారం రూపాయి డబ్బా ఫోన్ నుంచి వనపర్తి హాస్టల్లో ఉన్న కూతురు నవనీతతో మాట్లాడేది. "చెవుల మందు ఏస్కుంటున్నవా బిడ్డా? కాచిన నీళ్లే తాగుతున్నవా?" నవనీతకు కుడిచెవి వినపడదు. తండ్రి హన్మంతు కొట్టిన ఒక్క దెబ్బ. ఆ వారమే దేవమ్మ పిల్లను హాస్టల్లో వేసింది. ఈ శనివారం నుంచి దసరా సెలవులు. పిల్ల ఇంటికి వస్తుంది.

సోమవారం కూర చల్లారిందని హన్మంతు గొడ్డలి కామ కర్ర అందుకున్నాడు. వాకిట్లో రెండో దెబ్బకు ఆమె పన్ను ఊడింది. జుట్టు పట్టి లోపలికి ఈడ్చి మూడోసారి ఎత్తాడు. చెయ్యి దిగలేదు. మూలన కూనల బుట్ట ఉంది. కండ్లు తెరవని కూనల ముందు ఎత్తిన చెయ్యి, వాటిని దూరం తీసుకుపోతేనే దిగుతుంది. బుట్టను విసిరికొడదామని ఎడమ చెయ్యి ఎత్తాడు. అదీ నిలిచిపోయింది.

"ఏం హన్మంతూ, రెండు చేతులెత్తి గద్వాల బస్సు ఆపుతున్నవా?" పక్కింటి లక్ష్మీదేవమ్మ గడపలో నిలబడి అడిగింది.

రెండు రోజులు దేవమ్మ కూనలకు పాలు పట్టి, అతనికి ముద్దలు పెట్టింది. మూడో రోజు అతను అరిచాడు.

"పిల్లి ఏడిండ్లు తిప్పుతది గదనే! తల్లి సచ్చె, నువ్వే తిప్పు. నా రెక్కలు పడిపోతున్నయ్!"

"నన్నే తిప్పుమంటవా?"

"తిప్పుమంటే తిప్పు!"

ఆమె బుట్టతో గడప దాటగానే కామ దిగి కూరకుండను పగలగొట్టింది. దేవమ్మ పూటకో ఇంట్లో ఉంది. లక్ష్మీదేవమ్మ ఇంట్లో కోడలి మీదికి కొడుకు ఎత్తిన చెప్పు పైనే ఆగింది. బాలయ్య ఇంట్లో బెల్టు ఆగింది. శుక్రవారం మధ్యాహ్నానికి సొంతింటితో కలిపి ఆరిండ్లు అయ్యాయి. ఏడోది ఏదో తల్లి ఇష్టం. ఆమె బిడ్డ ఉన్న వనపర్తికి బస్సెక్కింది.

హన్మంతు కామతో వెనకాలే ఎక్కాడు. "ఇంటికి నడువ్!" ఎత్తిన చెయ్యి ఆగిపోయింది.

"ఏడిండ్లు తిరిగిన తల్లి మొదటింటికి మర్లదురా," కిందినుంచి లక్ష్మీదేవమ్మ అన్నది. "తిప్పుమన్నది నువ్వే గద!"

"దిగు పెద్దమనిషీ, చెయ్యి డోరుకు తాకుతది, జర సూస్కో," అని కండక్టరు అతన్ని దింపాడు.

బస్సు కనుమరుగు కాగానే చెయ్యి దిగింది. దాచుకున్న దెబ్బలన్నీ రోడ్డు మీద పడ్డాయి. కామ విరిగి, అరచేతులు చీలి, నెత్తురు కారేదాకా కొట్టాడు. ఎవరూ ఆపలేదు.

బీచుపల్లి దగ్గర బస్సు కృష్ణ దాటుతుంటే, దేవమ్మ పక్క సీటామెను అడిగింది. "అక్కా, వనపర్తిల కిరాయికి ఒక అర్ర దొరుకుతదా?"

"దొరుకుతది. ఎందరుంటరు?"

దేవమ్మ బుట్టలోకి చూసి, వేళ్లు మడిచి చెప్పింది.

"ఐదుగురం."