ఎవరూ తొక్కని అడుగులు

పొద్దున్నే బకెట్లో వెనిగర్ నీళ్లు కలుపుకుని మొగుడి వెనకాలే నడవడం లియోటాకి పెళ్లయిన నాటి నుంచీ ఉన్న పని. ఎమ్మెట్ స్ట్రౌడ్ మంచం దిగితే నేల మీద నల్లగా అడుగులు పడేవి. స్నానం చేసి కొత్త బూట్లు తొడుక్కున్నా, బూట్ల కింద నుంచి అలాగే పడేవి. కోల్టర్ లోయలో గనిలోకి దిగిన మగాళ్లందరికీ అంతే. ఒక్కసారి దిగితే ఆ బొగ్గు జన్మలో పాదాన్ని వదలదు. ఆ మరకలు లోయ ఆడవాళ్లు తుడిస్తేనే పోతాయి. ఇంకెవరు రుద్దినా చెక్కుచెదరవు.

తుడవడానికీ ఒక పద్ధతి ఉంది. గనికి వెళ్లే మనిషి అడుగులు వరండాలో పడితే, అతను తిరిగొచ్చేదాకా వాటిని ముట్టుకోరు. వచ్చాకే తుడుస్తారు. కొన్ని వరండాల్లో అడుగులు ఏళ్ల తరబడి అలాగే ఉండిపోయాయి. అటు వెళ్లేవాళ్లు టోపీ తీసి వెళ్తారు.

ఎమ్మెట్ మీసాలు రాకముందే గనిలో దిగాడు. పైకప్పు కూలి తండ్రి పోయాక పైకొచ్చేసి, కిందా మీదా పడి లా చదివి, లోయ తరఫున వాషింగ్టన్‌లోని కాంగ్రెస్ సభకి పోటీ చేశాడు. ఓట్లు అడగడానికి వెళ్తే పెద్దగా మాట్లాడేవాడు కాదు. ఇంట్లోకి నాలుగడుగులు నడిచి, వెనక్కి తిరిగి నేల చూపించేవాడు.

"ఇదే నా ఉపన్యాసం," అనేవాడు.

"చాల్లే ఎమ్మెట్, ఇప్పుడే తుడిచాను," అని ఇంటావిడ తిట్టేది. తిట్టి ఓటేసేది. రెండేళ్లకోసారి ఎన్నిక. ప్రతిసారీ అదే ఉపన్యాసం, ప్రతిసారీ గెలుపే. అతని జుట్టు నెరిసింది, పొట్ట వచ్చింది, వాషింగ్టన్‌లో ఇల్లు వచ్చింది. సభ ముగిశాక లియోటా బకెట్టుతో వెళ్తే ముసలి ద్వారపాలకుడు తలుపు తీసి పట్టుకునేవాడు.

"రండమ్మా. ఇవాళ సార్ బాగా తిరిగారు."

ఒక ఏడు వసంతంలో గనుల చట్టానికి ఒక సవరణ వచ్చింది. గ్యాసు ఎక్కువున్న గనుల్ని, మంచి ఫ్యాన్లు పెట్టేదాకా ఆపెయ్యాలని. లియోటా తమ్ముడు డెల్బర్ట్ పనిచేసే తొమ్మిదో నంబరు గని అందులో మొదటిది. ఓటింగుకి ముందు ఆదివారం వాళ్లింట్లోనే భోజనం. డెల్బర్ట్ భార్య పేరు ఐనా. ఆమె చిక్కుడు గింజలు, మొక్కజొన్న రొట్టె వడ్డిస్తోంది.

"కిందికి దిగితే తలనొప్పి బావా. గ్యాసుకి దీపం మంట నీలంగా సాగుతోంది," అన్నాడు డెల్బర్ట్. "ఈసారి గట్టిగా నిలబడాలి నువ్వు."

"నిలబడ్డం కాదురా, నడవాలి," అన్నాడు ఎమ్మెట్. "ఇలాంటి సవరణలకి లెక్కపెట్టేవాళ్లు దారికి అటూ ఇటూ నిలబడతారు. అవునన్నవాళ్లు ముందు వాళ్ల మధ్యలోంచి నడుస్తారు. వాళ్లంతా అయ్యాక కాదన్నవాళ్లు. తలలు లెక్కపెడతారు గానీ, పేర్లు ఎవరూ రాసుకోరు."

"అయితే మంచిదే. నువ్వు ముందు నడిస్తే, వెనకొచ్చేవాళ్లంతా నీ అడుగులు తొక్కి చెరిపేస్తారు. అక్కకి సగం పని తప్పుతుంది."

అందరూ నవ్వారు. ఐనా ఒక్కతే నవ్వలేదు. "ముందే నడువు అన్నయ్యా," అంది. "నేను రోజూ వరండా చూసుకుంటూ కూచోలేను."

"నడుస్తానమ్మా. మాటిస్తున్నా."

మర్నాడు వాషింగ్టన్ ఇంటికి గని కంపెనీల మనిషి ఒకాయన వచ్చాడు. లియోటా కాఫీ తీసుకెళ్తుంటే, "గనుల కమిటీకి ఛైర్మన్‌గా మిమ్మల్నే అనుకుంటున్నారు స్ట్రౌడ్ గారూ," అన్న మాట వినపడింది. ఆమె గదిలోకి రాగానే ఇద్దరూ వాతావరణం గురించి మాట్లాడుకున్నారు.

సవరణ కొద్దిలో ఓడిపోయింది. ఎమ్మెట్ బయటికొచ్చి టోపీ పెట్టుకుంటూ, "నేను ముందే నడిచాను లియోటా. ఏం చేస్తాం, ఓడిపోయాం. వెళ్లి తుడిచెయ్," అన్నాడు. ఆమె కళ్లలోకి చూడలేదు.

సభ ఖాళీగా ఉంది. దారి మధ్యలో అడుగులు ఉన్నాయి. మడమ, బూటు అంచు, అరిగిన చోట వంకర, అన్నీ అచ్చు గుద్దినట్టు స్పష్టంగా ఉన్నాయి. ఒక్కదాని మీదా ఇంకో కాలు పడలేదు. అవునన్నవాళ్లూ కాదన్నవాళ్లూ అందరూ వెళ్లిపోయాక, చిట్టచివర నడిచిన మనిషి అడుగులవి.

లియోటా చాలాసేపు గుడ్డ పట్టుకుని నిలబడింది. తర్వాత మోకాళ్ల మీద కూచుని తుడిచింది. అలవాటైన చేతులు, వాటంతటవే కదిలాయి. ఇంటికెళ్లి నోరు మెదపలేదు.

ఆకులు రాలే వేళ తొమ్మిదో నంబరు గని పేలింది. లోయంతా కిటికీ అద్దాలు పగిలాయి. లోపలి మంట ఆరాలంటే గాలి అందకూడదని, గని నోటికి సిమెంటు పోసి మూసేశారు, మనుషులు లోపలుండగానే. డెల్బర్ట్ లోపలే ఉన్నాడు.

చర్చిలో ప్రార్థన పెట్టారు. శవపేటికలు లేవు, పెట్టడానికి శవాల్లేవు. అప్పటికి ఎన్నిక దగ్గర పడింది. ఎమ్మెట్ నల్లకోటు వేసుకుని, మధ్యదారిలో నల్లటి అడుగులు పరుచుకుంటూ వేదిక దాకా నడిచాడు.

"మీ కోసం నేను అందరికంటే ముందు నడిచాను," అన్నాడు. "దేవుడే సాక్షి."

ముందు వరసలో ఐనా లేచింది. అతని వైపు చూడలేదు. పక్కనున్న లియోటా వైపు తిరిగింది.

"దేవుడెందుకు, తుడిచినదానివి నువ్వున్నావుగా వదినా. ఎలా ఉన్నాయి ఆ అడుగులు? తొక్కి ఉన్నాయా?"

లియోటా జన్మలో నలుగురి ముందు మాట్లాడలేదు. ఒళ్లో చేతులు నలుపుకుంది.

"లేదమ్మా," అంది చివరికి. "చెరగకుండా ఉన్నాయి. ఎవరూ తొక్కలేదు. చూసి కూడా తుడిచాను."

ఐనా కళ్లు మూసుకుంది. వదిన చెయ్యి మాత్రం పట్టుకుని వదల్లేదు.

జనం లేచారు. ఎవరూ అరవలేదు. మధ్యదారి వదిలి, గోడల పక్క నుంచి బల్లలు పట్టుకుని, ఆ అడుగుల మీద కాలు పడకుండా ఒక్కొక్కరే బయటికి వెళ్లారు. ముసలివాళ్లు పిల్లల్ని ఎత్తుకుని దాటించారు.

ఎమ్మెట్ వేదిక దిగి భార్య దగ్గరికి వచ్చాడు.

"లియోటా, బకెట్టు తీసుకురా. జనం చూస్తున్నారు."

"మనిషి తిరిగొచ్చాకే తుడుస్తాం ఎమ్మెట్," అందామె. ఐనా భుజం పట్టుకుని వాళ్లింటికి వెళ్లిపోయింది.

ఆ అడుగులు ఇప్పటికీ ఆ చర్చిలో ఉన్నాయి. గుమ్మం నుంచి వేదిక దాకా ఉన్నాయి. వేదిక నుంచి గుమ్మానికి మాత్రం లేవు.

ఎన్నికకి ముందు వారం ఎమ్మెట్ ఎప్పటిలాగే ఇల్లిల్లూ తిరిగాడు. మొదటి ఇంట్లో నాలుగడుగులు నడిచి, అలవాటుగా వెనక్కి తిరిగాడు. నేల మీద ఏమీ లేదు. అప్పుడే కడిగినట్టు మెరుస్తోంది.

ఇంటావిడ నేల వైపు చూసింది. చేతిలో ఉన్న గుడ్డ మడిచి పక్కన పెట్టింది.

"కూర్చోండి సార్," అంది మర్యాదగా. "మీది ఏ ఊరు?"