ఒక్క కిడ్నీ అంజయ్య

మాచర్ల ట్రాలీ ఆటోల స్టాండులో అంజయ్య కావాలంటే ఏ అంజయ్య అని అడుగుతారు. ఒక్క కిడ్నీ అంజయ్య అంటే మాత్రం టీకొట్టు షకీలా గ్లాసులు కడగడం ఆపకుండానే గడ్డంతో చూపిస్తుంది.

ఆ పేరు పడి ఎనిమిదేళ్ళయింది. అతని భార్య వెంకమ్మకు రెండు కిడ్నీలూ చెడిపోయి, వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు నరసరావుపేట తిరిగి తిరిగి, మనిషి ఎండిన కందికట్టెలా అయిపోయిన రోజులవి. తనది సరిపోతుందేమో చూడమని అంజయ్యే డాక్టర్లను అడిగాడు. సరిపోయింది. విజయవాడలో ఆపరేషన్‌కు ముందు, కిడ్నీ మార్పిడికి అనుమతిచ్చే కమిటీ వాళ్ళు అతన్నొక్కణ్ణే గదిలో కూర్చోబెట్టి, "నిన్నెవరైనా బలవంతం చేశారా?" అని అడిగారు.

"చేశారండీ," అన్నాడు అంజయ్య. "ఇవ్వొద్దని."

అది నిజమే. పెళ్ళాలు మొగుళ్ళకు కిడ్నీలివ్వడం ఆ చుట్టుపక్కల అందరూ చూశారు. మొగుడు పెళ్ళానికివ్వడం ఎవరూ చూడలేదు. అందరికన్నా గట్టిగా అడ్డంపడింది అతని అక్క లక్ష్మీతిరుపతమ్మ. "బండి తోలి బతికేవాడివి. నీ ఒంట్లోది కోసిచ్చి రేపు నువ్వు మంచానబడితే ఎవురు చూస్తారు? అది పోతే పోద్ది, ఇంకోదాన్ని నేను చూస్తా," అని వెంకమ్మ వినేలాగే అంది. అంజయ్య ఆమెతో వాదించలేదు. వెళ్ళి ఇచ్చి వచ్చాడు. మూడు నెలలకు మళ్ళీ బండెక్కాడు. వెంకమ్మ మళ్ళీ పొయ్యి ముందుకు వచ్చింది. ఇద్దరికీ డాక్టర్లు చెప్పిన మాట ఒకటే, నీళ్ళు బాగా తాగమని. రోజూ పొద్దున వెంకమ్మ రెండు పెద్ద బాటిళ్ళు నింపి, ఒకటి తన దగ్గర పెట్టుకుని, రెండోది అతని సీటు పక్కన పెట్టేది.

అరవై దాటాక అంజయ్యకు కొత్త తిప్పలు మొదలయ్యాయి. మూత్రం వస్తున్నట్టుంటుంది, వెళ్తే రాదు. తుమ్మచెట్ల పక్కన బండి ఆపి నిలబడితే నాలుగు చుక్కలు. బండెక్కి రెండు కిలోమీటర్లు పోగానే మళ్ళీ అదే. మిరపకాయ బస్తాలు వేసిన రైతులు పక్కసీట్లో కూర్చుని విసుక్కునేవాళ్ళు. స్టాండులో కుర్రాళ్ళు నవ్వుకునేవాళ్ళు. ఆ నవ్వులకు అతను జడవలేదు. జడిసింది వెంకమ్మకు. తెలిస్తే, నాకిచ్చినందుకే నీకిట్టయిందని ఏడుస్తుంది. ఆ ఏడుపు చూడలేక నోరు మూసుకున్నాడు.

నోటితోపాటు నీళ్ళు కూడా కట్టేశాడు. తాగకపోతే బండి ఆపక్కర్లేదు గదా అనుకున్నాడు. రెంటచింతల ఎండలో, ఇంజను సెగ కాళ్ళకు కొడుతుంటే, నాలుక పిడచకట్టుకుపోతున్నా గుక్కెడే తాగేవాడు. సాయంత్రం ఇంటికి రాబోయే ముందు బాటిల్లో మిగిలిన నీళ్ళు ముందు టైరు మీద కుమ్మరించేవాడు. ఖాళీ బాటిల్ చూసి వెంకమ్మ సంతోషించేది.

మే నెలలో ఒకరోజు జలుబు చేసి ముక్కులు మూసుకుపోయాయి. దారిలో మెడికల్ షాపులో అడిగితే బిళ్ళలిచ్చారు. పొద్దునొకటి, మధ్యాహ్నమొకటి మింగాడు. రెంటచింతల దాటి సిమెంటు బస్తాలు దించే సమయానికి చుక్క కూడా రావడం లేదు. పొత్తికడుపు రాయిలా బిగుసుకుంది. చెమటలు పట్టాయి. వెనక బండిలో వచ్చిన నాగూర్ వలి చూసేసరికి అంజయ్య టైరుకు తల ఆనించి మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు.

"ఏంది మామా?"

"బంద్ అయిపోయింది రా వలీ. లోపల పగిలేటట్టుంది."

వలి సగం బస్తాలు అంజయ్య బండిలోనే వదిలేసి, అతన్ని తన బండిలో పక్కన కూర్చోబెట్టుకుని మాచర్ల ఆసుపత్రికి తోలాడు. గోతిలో పడ్డప్పుడల్లా అంజయ్య వలి భుజం గిచ్చుతూనే ఉన్నాడు. నర్సు మరియమ్మ మూత్రానికి గొట్టం వేసింది. సంచీలోకి లీటరు దాకా దిగింది. ఆ నిమిషంలో కోటప్పకొండ మీది దేవుడే దిగొచ్చినా అంజయ్య మొదటి దణ్ణం మరియమ్మకే పెట్టేవాడు.

వెంకమ్మ ఆటోలో వచ్చింది. మంచం పక్కన నిలబడి ముందు అతని మొహం చూసింది. తర్వాత సంచీ చూసింది. "ఎన్నాళ్ళబట్టి?" అంది. అతను చెప్పాడు. టైరు సంగతి కూడా చెప్పాడు. ఆమె ఏడవలేదు. మరియమ్మను అడిగి రక్తపరీక్ష చేయించింది. ఒకటి చుట్టూ ఉండాల్సిన క్రియాటినిన్ రెండు దాటింది. ఆ అంకె అర్థం ఆ ఇంట్లో వెంకమ్మకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. మర్నాడు తెల్లారేసరికి ఇద్దరూ నరసరావుపేట బస్సులో ఉన్నారు.

అక్కడి డాక్టరు లీలావతి గారు నలభై ఏళ్ళ మనిషి. లోపల వేలుపెట్టి పరీక్ష చేయాలనగానే అంజయ్య గుడ్లప్పగించి వెంకమ్మ వైపు చూశాడు.

"నేను రోజుకు పాతికమందిని చూస్తానండీ," అంది డాక్టరు చేతికి తొడుగు వేసుకుంటూ. "నాకు లేని సిగ్గు మీకెందుకు? అటు తిరిగి పడుకోండి."

పరీక్ష అయ్యాక ఆమె కాగితం మీద బొమ్మ గీసింది. మూత్రసంచి కింద, దారి చుట్టూ ఒక ఉండ. "ఇది ప్రోస్టేట్. మగవాళ్ళకు వయసు వచ్చేకొద్దీ పెరుగుతుంది. మీది బాగా పెరిగి దారి నొక్కేసింది. ఆ జలుబు బిళ్ళలు పూర్తిగా బిగించేశాయి. క్యాన్సర్ లక్షణాలు నాకైతే కనపడలేదు, అయినా పరీక్ష రాస్తున్నాను."

వెంకమ్మ బొమ్మ మీదికి వంగింది. "నాకు కిడ్నీ ఇచ్చినందుకా డాక్టరమ్మా?"

"కాదమ్మా. దీనికీ దానికీ ఏ సంబంధమూ లేదు. ఇవ్వకపోయినా వచ్చేదే. కాకపోతే ఒక మాట. మూత్రం కిందికి పోకపోతే వెనక్కి తంతుంది. ఆ దెబ్బ కిడ్నీకే. ఒక్కటే ఉన్న మనిషి దీన్ని దాచిపెట్టుకోకూడదు. నీళ్ళు మానెయ్యడం అసలే కూడదు." మాత్రలు రాసింది. రెండు వారాలు గొట్టం ఉంచి, తీసి చూద్దామంది. అప్పటికీ రాకపోతే ఆపరేషన్ అంది.

"ఒక్క కిడ్నీ వాడికి చేస్తారా?" అన్నాడు అంజయ్య.

"జాగ్రత్తగా చేస్తాం. భయమా?"

"అప్పుడు కడుపు కోయించుకుందే నేను. భయమేంది."

మూడోరోజు లక్ష్మీతిరుపతమ్మ దుర్గి నుంచి ఇంటికి వచ్చింది. తమ్ముడి మంచం పట్టెకు వేలాడుతున్న సంచీ చూసి చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత వెంకమ్మ వైపు తిరిగింది.

"నేనప్పుడే చెప్పా. నా తమ్ముణ్ణి నిలువునా చీల్చి సగం తిన్నావు. మిగతా సగం ఆ సంచీలోకి కారిపోతా ఉంది. ఇప్పుడు చల్లగుందా ఏమే నీ కడుపు?"

వెంకమ్మ మంచినీళ్ళ గ్లాసుతో అలాగే నిలబడిపోయింది. ఎనిమిదేళ్ళుగా ఆడపడుచు మాటకు ఆమె జవాబు చెప్పింది లేదు. అంజయ్య లేచాడు. గొట్టం లాగి ప్రాణం జివ్వుమంది. సంచీని ఎడమచేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"అక్కా, ఒకసారే చెప్తా, ఇను. దీనికీ దానికీ సంబంధం లేదని డాక్టరమ్మ బొమ్మేసి చూపిచ్చింది. సరే, ఉందనే అనుకో. ఉన్నా ఇచ్చేవాణ్ణే. నేను పోగొట్టుకుందేం లా. నా కిడ్నీ యాడికీ పోలా, ఇదుగో ఈమె ఒంట్లో ఉంది. ఈ ఇంట్లోనే తిరుగుతా ఉంది, నాకింత అన్నం వండిపెడతా ఉంది. నా ఇంట్లో నిలబడి నా కిడ్నీని తిడితే నేనూరుకోను."

"పెళ్ళాం చెప్పుచేతల్లో పడ్డావురా," అంది లక్ష్మీతిరుపతమ్మ.

"పడ్డా. బాగానే ఉంది."

ఆమె నీళ్ళు కూడా ముట్టకుండా వెళ్ళిపోయింది. గుమ్మం దాటిందాకా ఆగి, వెంకమ్మ గ్లాసు తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"ఆమెకు బాగానే చెప్పావు. మరి నీళ్ళు టైరుకు పోసిందెవురి కోసమయ్యా? నేనేడుస్తాననేగా? ఏడిస్తే ఏడుస్తా. ఏడ్చి లేచి ఆసుపత్రికి తీసకపోతా. నీ కిడ్నీకి జత నా దగ్గరుంది. నాదాన్ని నేను కళ్ళల్లో పెట్టుకుని కాపాడుకుంటుంటే, నీదాన్ని ఎండబెట్టడానికి నీకేం హక్కుంది?"

అంజయ్య గ్లాసు ఖాళీ చేశాడు. ఆమె మళ్ళీ నింపింది.

ఇంట్లో కూర్చుంటే మనిషి కుళ్ళిపోతాడని వారం తిరగకుండానే స్టాండుకు వెళ్ళాడు. సంచీని గుడ్డసంచీలో పెట్టి భుజాన తగిలించుకున్నాడు. బల్ల మీద కూర్చోగానే కోటిబాబు అనే డ్రైవరు అందరికీ వినపడేలా అన్నాడు, "మామా, ఆ సంచీలో ఏముంది, పెళ్ళానికి ఇంకేమన్నా ఇయ్యడానికి తీసకపోతన్నావా?"

నవ్వులు లేచాయి. నాగూర్ వలి కొట్టేంత పనిచేశాడు. అంజయ్య వలి చెయ్యి పట్టుకుని ఆపి, గుడ్డసంచీ తెరిచి లోపలిది పైకెత్తి చూపించాడు.

"ఉచ్చ సంచి రా. సరిగ్గా చూడు. నీకెంత, నలభయ్యా? ఇంకో ఇరవయ్యేళ్ళాగు, నీ తలుపు కూడా తట్టుద్ది. చుక్కచుక్క పడతా ఉంటే ఎవురికీ చెప్పకుండా దాచుకుని, జలుబు బిళ్ళలు మింగి, నాలాగా టైరు పట్టుకుని ఏడవబాకండి. పోయి చూపిచ్చుకోండి. నవ్వాలనుకున్నోళ్ళు ఇప్పుడే నవ్వండి, రేపు నేను బండెక్కితే మీకు దొరకను."

ఎవరూ నవ్వలేదు. షకీలా టీ తెచ్చి బల్ల మీద పెట్టింది. కాసేపటికి పెద్దవయసు డ్రైవరొకతను పక్కన చేరి, "అంజయ్యా, ఆ డాక్టరు పొద్దున పూట ఉంటదా, సాయంత్రమా?" అని మెల్లగా అడిగాడు.

రెండు వారాలకు నరసరావుపేటలో గొట్టం తీశారు. నీళ్ళు తాగించి, కొలతజగ్గు చేతికిచ్చి బాత్రూమ్‌కు పంపారు. అంజయ్య లోపల నిలబడ్డాడు. ఐదు నిమిషాలు ఏమీ లేదు. బయట వెంకమ్మ గోడకానుకుని నిలబడి ఉంది. ముందు సన్నగా, ఆగి ఆగి, తర్వాత ఒక ధారగా వచ్చింది. జగ్గులో గీత రెండువందల యాభై దాటింది. అతను ఆ జగ్గును పాలచెంబులా రెండు చేతులా పట్టుకుని తెచ్చి వెంకమ్మకు చూపించాడు. ఆమె అప్పుడు ఏడ్చింది. క్రియాటినిన్ ఒకటిన్నర కిందికి దిగింది. పూర్తిగా నయం కాలేదని డాక్టరు స్పష్టంగా చెప్పింది. మాత్రలు రోజూ వేసుకోవాలి, మూడు నెలలకోసారి స్కానింగ్‌కు రావాలి, మళ్ళీ బిగిస్తే ఆపరేషన్ తప్పదు.

"తప్పకపోతే తప్పకపోయె," అన్నాడు అంజయ్య.

ఆపైన బండి తోలడం మానలేదు. తోలే పద్ధతి మార్చాడు. బాటిల్ మధ్యాహ్నానికే ఖాళీ చేసి ఏ బోరు దగ్గరో మళ్ళీ నింపేవాడు. రాత్రి మూడుసార్లు లేవాల్సి వచ్చేది, లేచేవాడు. కిరాయి మాట్లాడేటప్పుడే తేల్చి చెప్పేవాడు. "గురజాల చేరేలోపు నాలుగుచోట్ల ఆపుతా. ఎందుకాపావని అడగబాకండి. ఇష్టమైతే బస్తాలెయ్యండి." కొందరు వేరే బండి చూసుకున్నారు. చాలామంది వేశారు, ఎందుకంటే అతని బండిలో ఎన్నడూ ఒక్క బస్తా చినిగింది లేదు.

కార్తీకంలో లక్ష్మీతిరుపతమ్మ మళ్ళీ వచ్చింది. ఈసారి వెనకాల మొగుడు బ్రహ్మాజీ ఉన్నాడు. పొలంలో ఎద్దులా పనిచేసే మనిషి, ఇప్పుడు గుమ్మంలోనే మెలికలు తిరుగుతూ దొడ్డిదారి ఎటని అడిగి వెళ్ళిపోయాడు. చాలాసేపటికి గానీ రాలేదు.

"నెల రోజుల్నించి ఇదే బాధ," అంది లక్ష్మీతిరుపతమ్మ నేల చూస్తూ. "చెప్తే సిగ్గంటాడు."

అంజయ్య మంచం మీద సర్దుకుని కూర్చున్నాడు. "అక్కా, బావకు రెండూ ఉన్నయిగదా. మరి బావది ఎవురు తిన్నారు?"

లక్ష్మీతిరుపతమ్మ మొహం కందగడ్డయింది. వెంకమ్మ లోపలినుంచి వచ్చి, "నువ్వు నోరుమూసుకో అయ్యా," అని మొగుణ్ణి కసిరింది. ఆడపడుచు పక్కన కూర్చుంది.

"వదినా, రేపు పొద్దున బస్సుకు పోదాం. నేను తోడొస్తా. అక్కడ ఏ గదికి ఎప్పుడు పోవాల్నో నాకు తెలుసు."

లక్ష్మీతిరుపతమ్మ తప్పయిందని అనలేదు. అనే మనిషి కాదు. "నువ్వు పొద్దున వేసుకునే ఆ కిడ్నీ మాత్రలు మర్చిపోకుండా తెచ్చుకో," అంది.

బ్రహ్మాజీ వాకిట్లోనే తచ్చాడుతున్నాడు. అంజయ్య బయటికి వెళ్ళి అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"ఆడ డాక్టరంట గదరా," అన్నాడు బ్రహ్మాజీ గొంతు తగ్గించి.

"అవును. వేలు పెట్టి చూస్తది. చచ్చిపోవులే బావా, నేను బతికే ఉన్నాగా."

బ్రహ్మాజీ బిక్కమొహం వేశాడు. అంజయ్యకు నవ్వాగలేదు.