చేతుల్లేని కుర్చీ

కుర్చీలకు చేతులు బిగించడం స్టీవెన్‌కి కొత్తేం కాదు. అనకాపల్లి గవరపాలెంలో ఇంటి పక్కనే రేకుల షెడ్డు వేసుకుని ఇన్నేళ్ళుగా అతను చేస్తున్న పనే అది. ఊగుడు కుర్చీ అంటే ఒకటే రకం అనుకుని వచ్చేవాళ్ళని కూర్చోబెట్టి మరీ పాఠం చెప్పేవాడు. రిటైరైన పెద్దమనుషులకి వీపు ఏటవాలుగా ఉండి, పేముతో అల్లినది కావాలి, వరండాలో కునుకు తీయడానికి. మోకాళ్ళ నొప్పుల ముసలమ్మలకి చేతులు పొడుగ్గా ఉండాలి, లేచేటప్పుడు పట్టు దొరకాలి. షోరూముల్లో స్ప్రింగుల మీద ముందుకీ వెనక్కీ జారేవాటి సంగతెత్తితే అవీ కుర్చీలేనా అని మూతి విరిచేవాడు. మనుషులతో ముక్తసరిగా ఉండే ఈ మనిషికి కుర్చీల దగ్గరకొచ్చేసరికి ఎక్కడలేని మాటలూ వచ్చేవి.

ఆ రోజు పొద్దున్న మాత్రం పని తొందరగా తెమిల్చేయాలని చూస్తున్నాడు. ముందున్నది పాలిచ్చే తల్లి కోసం చేసిన కుర్చీ. పొట్టి కాళ్ళు, వెడల్పాటి పీట. బిడ్డని ఒళ్ళో అటూ ఇటూ తిప్పుకుంటే మోచేతులకి తగలకూడదని దానికి చేతులే పెట్టలేదు. కూతురు షెకీనా తొలి కాన్పుకి పుట్టింటికి వచ్చిందన్న సంబరంలో మంచి టేకు ముక్కలు ఏరి ఏరి చేశాడు.

బిడ్డ భూమ్మీద పడకముందే వాడికని ఇంట్లో ఏదీ తయారుచేయకూడదని భార్య లూర్దు మేరీ మొత్తుకుంది. ఉయ్యాల కాదు కదా, ఉత్త కుర్చీయే కదా అని అతను నవ్వేశాడు. బిడ్డ కడుపులోనే పోయాడు. ఆ కుర్చీ వల్లే అని మేరీ ఒకే ఒక్కసారి అంది, మళ్ళీ ఎత్తలేదు. ఇలాంటివి తాను నమ్మనని చర్చిలో పదిమంది ముందూ చెప్పిన మనిషి స్టీవెన్. అయినా ఆ మాట గుండెల్లో మేకులా దిగిపోయింది.

అంతకన్నా ఘోరం ఆసుపత్రిలోనే జరిగింది. ఆపరేషన్ అయ్యాక షెకీనాకి స్పృహ లేదు. బీపీ పడిపోయిందని నర్సులు పరుగులు పెడుతుంటే మేరీ కూతురి మంచం వదల్లేదు. బట్టలో చుట్టిన బిడ్డని తెచ్చి స్టీవెన్ చేతుల్లో పెట్టారు. తల్లి చూసిందంటే బతికినన్నాళ్ళూ మర్చిపోలేదని, చూపించకుండా తీసుకెళ్ళిపోవడమే మంచిదని చుట్టాల్లో పెద్దవాళ్ళు తొందరపెట్టారు. మామా అల్లుళ్ళు ఇద్దరే సమాధుల తోటకి వెళ్ళి ఆ పని ముగించుకొచ్చారు. అల్లుడు పరవాడ ఫ్యాక్టరీలో డ్యూటీకి వెళ్ళిపోయాడు, ఆదివారాలు వచ్చి కాసేపు కూర్చుని పోతున్నాడు. బిడ్డని చూసిన ఆ ఇద్దరూ నోళ్ళు కుట్టేసుకున్నారు.

షెకీనా కూడా అడగలేదు. పెట్టింది తింటుంది. పాలు చేపుకొచ్చి నైటీ తడిస్తే మార్చుకుని, గోడకేసి తిరిగి పడుకుంటుంది. ఏడవదు. అది ఒక్కసారి ఏడిస్తే బాగుండునని తల్లీ తండ్రీ ఎవరికి వాళ్ళు చాటుగా ఏడ్చుకుంటున్నారు.

ఇన్నాళ్ళూ కుర్చీని గోనెపట్టాలు కప్పి షెడ్డులో దాచాడు. ఎలమంచిలి నుంచి సన్యాసిరావు అనే ఆయన తన తల్లి కోసం ఊగుడు కుర్చీ కావాలని ఫోన్ చేస్తే, సాయంత్రం ఆటో తెచ్చుకోమన్నాడు. రెండు చేతులు బిగించేస్తే ముసలాళ్ళ కుర్చీ అయిపోతుంది. కూతురి కంట పడకుండా గుమ్మం దాటిపోతే చాలు, అదే అతని ఆరాటం.

ఒక చెయ్యి బిగించి, రెండోదానికి బెజ్జం వేస్తుంటే ఎదురుగా షెకీనా నిలబడి ఉంది. డ్రిల్లు చప్పుడుకి లేచి వచ్చినట్టుంది.

"ఇది నాకు సేసిందే కదా," అంది.

అబద్ధం చెబుదామనుకున్నాడు, చెప్పలేదు. బేరం వచ్చిందని, ఇచ్చేస్తున్నానని గొణిగాడు. ఆమె వినిపించుకోలేదు. కుట్లు నొప్పి పెడుతుంటే పొట్ట పట్టుకుని, చెయ్యి లేని పక్కనుంచి మెల్లగా వచ్చి కూర్చుంది. కుర్చీ వెనక్కి వాలింది. ఆమె మడమలు నేల మీద నుంచి లేచిపోయాయి.

"ఎనక్కి పోతంది నాన్నా."

"ఒళ్ళో బరువుంటే సరిగ్గా నిలబడతాదమ్మా," అన్నాడు స్టీవెన్. పనివాడి నోరు, అడిగిందానికి జవాబు దానంతటదే వచ్చేసింది. అన్నాక నాలుక కోసేసుకోవాలనిపించింది.

షెకీనా ఒళ్ళో పెట్టుకున్న చేతులకేసి చూసుకుంది.

"ఎంత బరువున్నాడు నాన్నా? నువ్వెత్తుకున్నావు కదా."

ఆ మాట ఇంతవరకూ ఎవరూ అడగలేదు. ఏ చెక్క చేతిలోకి తీసుకున్నా అతనికి ఆ బరువే గుర్తొచ్చేది. కన్నది షెకీనా, కళ్ళారా చూసింది తను. ఆ కాస్త చూపునీ కూతురికి పంచకుండా ఇన్నాళ్ళూ తనే దాచుకుని కూర్చున్నాడు. పైగా దానికి మేలు చేస్తున్నాననుకున్నాడు. డ్రిల్లు పక్కన పెట్టి, చెక్కపొట్టులో కూతురి కాళ్ళ దగ్గర కూలబడ్డాడు.

"బరువుగానే ఉన్నాడమ్మా. నిండుగా ఉన్నాడు. తీసుకెళ్తంటే సెయ్యి లాగింది."

"జుత్తు?"

"ఒత్తుగా ఉంది. పుట్టినప్పుడు నీకున్నట్టే నుదుటి మీదికి పడింది. కుడిసెవి కొంచెం మడతపడిపోయింది. నేనే సరిసేసేను."

షెకీనా నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది గానీ ఆగలేదు. ఆసుపత్రి నుంచి వచ్చాక మొదటిసారి ఏడుపు బయటికొచ్చింది, పెద్దగా, వీధిలోకి వినబడేలా. స్టీవెన్ ఊరుకోమనలేదు. కుర్చీ వెనక్కి పోకుండా పీట అంచు పట్టుకుని కూర్చున్నాడు.

వంటింట్లోంచి లూర్దు మేరీ పరుగెత్తుకొచ్చింది. ఆ కుర్చీలో కూతుర్ని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. తిడుతుందనుకున్నాడు స్టీవెన్. ఆమె పిండి చేతులు చీరకి తుడుచుకుంటూ వచ్చి అతని పక్కనే చతికిలబడింది.

"మొదట్నించీ సెప్పయ్యా," అంది. "నేను కూడా సూళ్ళేదు."