బండెక్కని మనిషి

ఎడమ మోకాలికి పట్టీ చుట్టడం అయిపోయి కుడి మోకాలి దగ్గరికొచ్చేసరికి లిఫ్టాయనకు వంగడం కష్టమైంది. కాలెత్తి బల్లమీద పెట్టుకుని, పట్టీ బిగించి, కొసన పిన్నీసు గుచ్చాడు. విడిది వసారాలో మిగతావాళ్లు టీలు తాగుతూ, సంచులు సర్దుతూ, కనబడని చెప్పు కోసం పక్కవాళ్లను అనుమానిస్తూ హడావిడి పడుతున్నారు. ఆయన చూపు మాత్రం గుమ్మం పక్కన గోడకు ఆనించిన జెండాకర్ర మీదే ఉంది.

కొండమీది క్షేత్రానికి కాలినడకన పోతున్న ఈ గుంపుకు ఒక కట్టుబాటు ఉంది. పొద్దున్నే జెండా ఎవరు చేతబడితే, పొద్దుగూకేదాకా అది వాళ్లదే. జెండాను దాటి ఎవరూ ముందుకు పోకూడదు. ఈ కట్టుబాటు పెట్టింది డ్రిల్లు మాస్టారు, రోజూ జెండా పట్టేదీ ఆయనే. బడిపిల్లల్ని పరుగులెత్తించి రిటైరైన మనిషి. ఉద్యోగం వదిలినా ఈల మాత్రం ఆయన మెడ వదల్లేదు.

నిన్న భోజనాల దగ్గర ఆ మాస్టారే అందరూ వింటుండగా అన్నాడు, "రేపు కనుమ ఎక్కాలండీ. మీరు సామాన్ల బండిలో వచ్చెయ్యండి. మీ ఒక్కరికోసం ఇంతమందిమి ఆగలేం కదా." లిఫ్టాయన విస్తరి మడిచి లేచాడు. ఎవరేం చెప్పినా విని మీట నొక్కడమే తప్ప, మాటకు మాట చెప్పే అవసరం ఆయన ఉద్యోగంలో ఎన్నడూ రాలేదు.

ఆ ఉద్యోగమంతా పెద్ద ఆఫీసు మేడలో, లిఫ్టులో, ఒక స్టూలు మీద గడిచింది. ఎందరెందరినో పైకి చేర్చాడు. తాను మాత్రం పొద్దున ఎక్కినచోటే సాయంత్రం దిగాడు. రిటైరైన రోజున అందరూ కలిసి ఆయనకొక కుర్చీ బహుమతిగా ఇచ్చి, "ఇక హాయిగా కూర్చోండి" అని చప్పట్లు కొట్టారు. అన్నాళ్లూ ఆయన చేసిందేమిటో ఒక్కరికీ తట్టలేదు. కుర్చీ ఇంటికి చేరింది, దానిమీద పిల్లి పడుకుంది. ఆయన ఒక్కసారి కూడా కూర్చోలేదు.

నడిచి క్షేత్రానికి వెళ్తానన్నప్పుడు డాక్టరు గుండె పేరు చెప్పి వద్దన్నాడు. భార్య నవ్వింది. "సందు చివరికెళ్లి పాలు తెమ్మంటే రేపంటావు, నువ్వు కొండకి నడుస్తావా?" అంది. ఆ నవ్వు అయ్యాక లోపలికెళ్లి ఏడ్చి, సామాన్ల బండికి డ్రైవరుగా తన తమ్ముణ్ణి కుదిర్చింది. బావమరిది అలా ఆయన వెనక పడ్డాడు.

ఇప్పుడు లిఫ్టాయన లేచి, కుంటుకుంటూ వెళ్లి జెండా చేతిలోకి తీసుకున్నాడు.

మాస్టారు టీగ్లాసు నోటిదాకా తెచ్చి ఆగిపోయాడు. "ఏమండీ, అది..."

"పట్టుకున్నానండీ. బయల్దేరదామా?"

ఎవరో కిసుక్కుమన్నారు. మాస్టారి చెయ్యి ఈల మీదికి పోయింది. తను పెట్టిన కట్టుబాటును తానే ఎలా కాదంటాడు? మింగలేక కక్కలేక, మిగిలిన టీ పారబోశాడు.

కనుమ దారి మలుపులు తిరుగుతూ పైకి పోతోంది. జెండా రెండడుగులు వేసి ఆగుతుంది, దాని వెనక గుంపంతా ఆగుతుంది. "ఈ లెక్కన మన మనవలు చేరతారు కొండకి" అని ఒకాయన సణిగాడు. రోజూ అందరికన్నా వెనక, చీకటిపడ్డాక విడిది చేరే ముసలమ్మ ఇవాళ గుంపు మధ్యలో నడుస్తోంది. "సణిగితే సణిగావు గానీ నాయనా, నీ మాట వినబడేంత దగ్గరగా ఇన్నాళ్లకి నడిచాను" అంది.

బావమరిది బండిని మెల్లగా పక్కకు తెచ్చి తల బయటపెట్టాడు. "ఎక్కు బావా. ఎవరికీ చెప్పన్లే."

అందరూ చూస్తూనే ఉన్నారు.

"వెనక్కి పోరా. జెండా దాటుతున్నావు."

లిఫ్టాయనకు సరిగ్గా వెనక నడుస్తున్న ఒక పెద్దమనిషి చాలాసేపటినుంచి ఆయన మెడనే చూస్తున్నాడు. రెండు మడతలు, మధ్యన పుట్టుమచ్చ. ఎక్కడో బాగా చూసిన మెడ. ఒక మలుపు దగ్గర ఆయనకు హఠాత్తుగా గుర్తొచ్చింది. "మీరు మా ఆఫీసు లిఫ్టులో..."

"ఏడు" అన్నాడు లిఫ్టాయన, వెనక్కి తిరగకుండా. రోజూ ఆ పెద్దమనిషి నోట విన్నది ఆ ఒక్క మాటే.

పెద్దమనిషి తల దించి, ఆయన మోకాళ్ల పట్టీలు చూశాడు. "కాళ్లు బాగా నొప్పిగా ఉన్నాయా?" అని అడిగాడు చివరికి.

"నొప్పేనండీ. నావే కదా, పడనివ్వండి."

ఆఖరి ఎత్తులో ఒళ్లంతా చల్లటి చెమట పట్టింది. ఎడమచెయ్యి తిమ్మిరెక్కితే జెండాను కుడిచేతికి మార్చుకున్నాడు. ఏం జరుగుతోందో ఆయనకు తెలుసు. భయం వేసింది. చావంటే కాదు, ఆ బండి తలుపు తన కోసం తెరుచుకుంటుందేమోనని. ఒకప్పుడు ఆసుపత్రిలో నర్సుగా పనిచేసిన ఒకావిడ గుంపులోంచి వచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది.

"మీ ఒంట్లో బాగోలేదు బాబాయ్ గారూ. కాసేపు కూర్చోండి."

"కూర్చోవడం నాకు బాగా వచ్చమ్మా" అన్నాడు. రాయిని ఆనుకుని నిలబడే ఊపిరి పీల్చుకుని, మళ్లీ కదిలాడు. ఆవిడ పక్కనే నడిచింది. సణుగుళ్లు ఎప్పుడో ఆగిపోయాయి.

కనుమ నెత్తిమీద విడిది చేరేసరికి ఇంకా ఎండ ఉంది. ఆయన కుళాయి దగ్గర సాక్సులు ఉతుక్కుని, సరిగ్గా పిండకుండానే తెచ్చి బండి అద్దానికి తగిలించాడు. "ఒరేయ్, ఇన్నాళ్లకి నీ బండి నాకు పనికొచ్చింది" అని నవ్వాడు. ఆ తర్వాత అరుగుమీద, జెండా పక్కన పెట్టుకుని నడుం వాల్చాడు.

బావమరిది టీ తెచ్చి పిలిచాడు. మళ్లీ పిలిచాడు. భుజం పట్టి కుదిపాడు. నర్సమ్మ పరుగున వచ్చి మణికట్టు పట్టుకుంది, మెడమీద వేళ్లుంచింది, గుండెకు చెవి ఆనించి చాలాసేపు ఉండిపోయింది. తరువాత ఆయన కళ్లు మూసింది.

దిగువన ఊరు కనబడుతూనే ఉంది. అక్కడి ఆసుపత్రికి చేర్చాలి, ఇంటికి కబురు పంపాలి. "బండి తలుపు తియ్యవయ్యా" అన్నాడు ఏడో అంతస్తు పెద్దమనిషి.

పొద్దుటినుంచీ ఎక్కు ఎక్కు అని ప్రాణం తీసిన బావమరిది ఇప్పుడు తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాడు. "ఎక్కనన్నాడు కదండీ" అన్నాడు. "ఒక్కసారి కూడా ఎక్కుతాననలేదు. మీరంతా విన్నారు."

అందరూ మాస్టారి వైపు చూశారు. మాస్టారు పడమటి వైపు చూశాడు.

"పొద్దు ఇంకా గూకలేదు. జెండా ఆయనదే" అన్నాడు.

విడిదిలోని మంచం తెచ్చి ఆయన్ని పడుకోబెట్టారు. జెండాకర్రను చేతికి ఆనించి పెట్టారు. మంచానికి ముందువైపు కోళ్ల దగ్గర మాస్టారు, బావమరిది భుజం పెట్టారు. మంచం దిగువకు సాగింది. గుంపంతా వెనక నడిచింది. ముసలమ్మ అడుగు ఆలస్యమైనప్పుడల్లా మంచం ఆగింది. ఎవరూ దాన్ని దాటిపోలేదు.

విడిది ముందు బండి ఒక్కటే మిగిలింది. దాని అద్దానికి వేలాడుతున్న సాక్సుల మడమల నుంచి ఇంకా నీళ్లు కారుతున్నాయి.